గిన్నెలున్న చోటు

ఈత చాప మీద ఉతికిన పంచె పరిచి, దాని మీద వార్చిన అన్నాన్ని కుప్పగా పోసి, పాపాయమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా అందులో దింపింది. ఇంకా తెల్లవారలేదు. మెస్సు వంటింట్లో ఒక్క బల్బే వెలుగుతోంది. చింతపండు గుజ్జు, పసుపు, కాగిన నూనె ముందే పోసి ఉన్నాయి. వేళ్లు ఎడంగా చాచి అడుగు నుంచి పైకి తిరగేస్తూంటే మెతుకు చితక్కుండా, దేనికది విడిపోయి పచ్చబడుతోంది. పక్కనే గుండిగలో దద్దోజనం అప్పటికే సిద్ధంగా ఉంది.

ఈ రెండూ ఇవాళ్టి వంట కాదు. ఇవాళ్టి వంట ఏమిటో అచ్చు కాగితంలో ఉంది. వేడి అన్నం, ముద్దపప్పు, పనసపొట్టు కూర, ముక్కల పులుసు. గోదావరి గట్టున అక్కడికక్కడే వండి వడ్డించబడును. ఆ సంగతి పాపాయమ్మకి తెలుసు. తెలిసే పులిహోర కలుపుతోంది.

ఆమె పొట్టి మనిషి. యాభై దాటాయి. గుండిగలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమ దానికన్నా కొంచెం కిందికి దిగింది. కనుబొమ్మలు సగమే ఉంటాయి. మిగతా సగం ఎన్నో పెళ్లిళ్ల మంటల్లో పోయాయి. ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు ఒకదానిమీద ఒకటి పడి, ఏది ఏ ఊరి పెళ్లిలోదో చెప్పడం ఆమె వల్ల కూడా కాదు. ముక్కుకి ఒంటిరాయి ముక్కుపుడక. కొంగు బిగించి నడుంలో దోపుకుంటే, రాత్రి పడుకునేటప్పుడే మళ్లీ బయటికి తీయడం.

భీమవరంలోని ఆ ఇన్‌స్టిట్యూట్‌కి కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి, అవతల బరంపురం నుంచి కూడా పిల్లలొస్తారు. పిల్లలంటే ఉద్యోగాల కోసం చూస్తున్న పెద్దపిల్లలు. నెలన్నర అక్కడే ఉండి, అక్కడే తిని, ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్చుకుని వెళ్లాలి. ఉన్నన్నాళ్లూ తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడితే, మాట్లాడానని ఇంగ్లీషులో రాసిన అట్టముక్కని పురికొసతో మెడలో వేసుకు తిరగాలి. తర్వాత ఎవరు నోరుజారితే అది వాళ్ల మెడలోకి మారుతుంది. పన్నెండో బ్యాచికి కొత్త అట్ట కట్టాల్సొచ్చింది, పాతది చెమటకి చివికిపోయి.

బ్యాచి చివర ఒక రోజు కోస్తా టూరు. అచ్చు కాగితంలో ఆరు ఆకర్షణలుంటాయి. గోదావరి మీద పంటు ప్రయాణం, కొబ్బరితోటలు, అంతర్వేది గుడి, లైట్‌హౌసు, నదీ సముద్రాల కలయిక, ఆరోది గోదావరి భోజనం. సముద్రం ముందు నిలబడి ఒక్కొక్కళ్లూ ఒక్కొక్క ఆకర్షణ గురించి ఇంగ్లీషులో చెప్పాలి. అదే పరీక్ష.

ఆ ఆరో ఆకర్షణ పాపాయమ్మే. అయితే బస్సు నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో ఆగిపోతుంది. పిల్లలు పంటెక్కి గోదావరి దాటి, అవతల సఖినేటిపల్లిలో జీపులెక్కి అంతర్వేది వెళ్తారు. ఆమె ఇవతల గట్టు మీద ఇటుకలు పేర్చి, పొయ్యి వెలిగించి, వాళ్లొచ్చేసరికి వండిపెట్టాలి. వంటమనిషి గిన్నెలున్న చోటే ఉండాలన్నది డైరెక్టరు మణిశంకర్ గారి రూలు. ఆయన పెట్టకపోయినా ఆమె అక్కడే ఉండేది. ఇన్‌స్టిట్యూట్ పుట్టినప్పట్నించి టూరు తప్పకుండా వెళ్తున్నా, పాపాయమ్మ సముద్రం చూడలేదు.

ఎలా ఉంటుందని ఒకసారి ఒక కుర్రాణ్ణి అడిగింది. అట్టముక్కకి భయపడి అతను ఇంగ్లీషులో చెప్పాడు.

భీమవరం మనిషి సముద్రం చూడకపోవడమేంటని ఎవరైనా అనొచ్చు. ఆమె పెళ్లిళ్ల వంటలు చేసే రాముడి భార్య. ముహూర్తాలున్నప్పుడు తీరికుండదు, లేనప్పుడు చార్జీలుండవు. అంతర్వేది తీర్థానికి తీసుకెళ్తానని రాముడు ప్రతి మాఘమాసం అనేవాడు. మాఘమాసంలోనే పెళ్లిళ్లెక్కువని ఇద్దరికీ తెలుసు. పంక్తిలో ఆఖరి మనిషి విస్తరి ముందునుంచి లేచేదాకా వంటవాడు పొయ్యి వదలకూడదని అతని పట్టుదల. చివరికి వీరవాసరం దగ్గర ఒక పెళ్లిలో, బూరెలు వేస్తూ వేస్తూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. బయట పంక్తి కూర్చుని ఉంది. పందిరి వెనక చాప వేసి పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పి, ఎవరైనా అడిగితే నీరసమని చెప్పి, మిగిలిన బూరెలు పాపాయమ్మే వేసింది. పాయసం కూడా వడ్డించింది. బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నారు. పంక్తి లేచాకే ఏడ్చింది. పెళ్లివారికి అశుభం కాకూడదని అదైనా గోడ అవతలికి వెళ్లి.

పిల్లల్లేరు. తర్వాత మెస్సులో చేరింది.

నిన్న సాయంత్రం డ్రైవరు పల్లంరాజు టీ తాగుతూ మామూలుగా అన్నాడు.

"వచ్చే బ్యాచి నించి మీకు గట్టు మీద వంట బాధ తప్పిందండి పాపాయమ్మగారూ. నరసాపురంలో హోటలుకి చెప్పేశారంట."

"నేనూ రానక్కర్లేదా అయితే."

"ఎందుకండి మీకు, ఎండలో. ఇక్కడే మెస్సు చూసుకోవచ్చు. రేపే ఆఖరు."

ఆమె గ్లాసు తీసుకుని కడిగి బోర్లించింది. "సముద్రం బాగుంటుందాండి రాజుగారూ?"

"నేనెక్కడ చూశానండి. బస్సు వదిలి వెళ్తే టైర్లుంటాయా."

ఆ తర్వాతే ఆమె చింతపండు నానబోసింది.

ఆషాఢం వెళ్లిపోతున్న రోజులు. బస్సు పాలకొల్లు దాటేసరికి చినుకు పడి ఆగింది. వెనక సీటులో గుండిగల మధ్య పాపాయమ్మ కూర్చుంది. ముందు సీట్లలో ఇంగ్లీషు సాగుతోంది. టూరుకి పెద్ద శశిభూషణ్, డైరెక్టరు గారి బావమరిది. పాతికేళ్లు దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో విజిలు. మనసులో చెడ్డవాడేం కాదు. కాకపోతే బావగారిచ్చిన అధికారాన్ని కొత్త చెప్పుల్లా ఎక్కడ అరిగిపోతుందోనని ఆలోచించుకుంటూ నడుస్తాడు.

రేవులో దిగాక అతను పిల్లల్ని వరుసలో నిలబెట్టి వెనక్కి చూశాడు. ఇటుకల్లేవు. కట్టెల్లేవు. పాపాయమ్మ గుండిగల మూతలకి గుడ్డలు కట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"పాపాయమ్మా, వై నో ఫైర్?"

"తెలుగులో చెప్పండి బాబూ. నాకు ఇంగ్లీషు రాదు కదండి."

పిల్లలందరూ తిరిగి చూశారు. అట్టముక్క అప్పుడు అనంతపురం కుర్రాడి మెడలో ఉంది. అతను అందరికన్నా ఆశగా చూశాడు.

శశిభూషణ్ నేలకేసి వేలు చూపించాడు. "కుక్. హియర్. కుక్."

"వంట అయిపోయిందండి. పులిహోర, దద్దోజనం. ఇవాళ పొయ్యి లేదు."

"మెనూ ఈజ్ హాట్ రైస్."

"ఆయ్."

"యూ స్టే హియర్. వెసెల్స్ హియర్, యూ హియర్. రూల్."

"రూలు నేనెక్కడ కాదన్నానండి," అంది పాపాయమ్మ. "గిన్నెలున్న చోటే నేనుండాలని మీ బావగారే చెప్పారు. గిన్నెలు అవతలికెళ్తున్నాయి. వాటితో నేనూ వెళ్తున్నాను. పిల్లలు ఆకలేసిన చోటే తింటారు, మళ్లీ ఇంతదూరం వచ్చేదాకా ఆగడమెందుకు."

"ఎవరు మోస్తారే ఈ గుండిగల్ని, మీ తాత మోస్తాడా?" అనేశాడు శశిభూషణ్, చక్కటి తెలుగులో.

అనంతపురం కుర్రాడు మెడలోంచి పురికొస తీసి, వచ్చి, ఎంతో వినయంగా, రెండు చేతులతో అతని మెడలో వేశాడు. దండ వేసినట్టు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అందరూ నదికేసి చూశారు.

మెడలో పడ్డాక ఇక మొహమాటమేముంది. శశిభూషణ్ తెలుగులోనే అన్నాడు. "చూడు పాపాయమ్మా. నువ్వు ఈ రేవు దాటావంటే రేపట్నించి మెస్సుకి రానక్కర్లేదు. బావకి నేను చెప్పుకుంటాను."

ఆమె అతని మొహంకేసి చూసింది. గదికి అద్దె, మెస్సులో రెండు పూటలా తిండి, చీర కొంగున కట్టిన గది తాళంచెవి. అవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఎదురుగా ఎర్రనీళ్లతో గోదావరి నిండుగా పోతోంది. రెండు నావల్ని కలిపి పైన బల్లలు పరిచిన పంటు, ఒక లారీని, నాలుగు సైకిళ్లని, ఒక గేదెని ఎక్కించుకుని సిద్ధంగా ఉంది.

"అలాగేనండి," అంది పాపాయమ్మ. తర్వాత పిల్లలకేసి తిరిగింది. "అమ్మా, ఆ గుండిగల చెవులు రెండు వైపులా పట్టుకోండి. ఒంచకండి. దద్దోజనం ఒలికిపోద్ది."

వాళ్లకి తెలుగు రానట్టు ఒక క్షణం నిలబడ్డారు. ముందుగా కదిలింది సహస్ర. కరీంనగర్ పిల్ల, బక్కపలచగా, పెద్ద జడతో. నెలన్నరలో ఆ పిల్ల పాపాయమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కంచం ముందుకి జరిపి రెండు వేళ్లు చూపించేది, అంటే ఇంకో రెండు గరిటెలు. ఇప్పుడు చున్నీ నడుముకి బిగించి గుండిగ చెవి పట్టుకుంది. రెండో చెవి అనంతపురం కుర్రాడు పట్టుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పంటు మీద పాపాయమ్మ మూత మీద చెయ్యేసి కూర్చుంది. తెడ్డు పట్టుకున్నతను అడిగాడు. "ఏంటండీ, పెళ్లా?"

"కాదండి. ఇంగ్లీషు."

అతను అంతా అర్థమైనట్టు తల పంకించి తెడ్డు తిప్పాడు.

ఆ రోజంతా నలుగురికీ వినబడేలా పిల్లల్లో ఒక్కరు కూడా నోరుజారి తెలుగు మాట్లాడలేదు. మాట్లాడితే అట్టముక్క శశిభూషణ్ మెడలోంచి దిగిపోతుందని. అన్ని బ్యాచిల్లోకీ ఇన్‌స్టిట్యూట్ ఆశయం పూర్తిగా నెరవేరింది ఆ ఒక్కరోజే. శశిభూషణ్ దాన్ని తీసి పారేద్దామంటే, రూలు తాను చదివి వినిపించిందే. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మేవాళ్లు ఆ రాత ఏమిటని అతన్నే అడిగారు.

దర్శనమయ్యాక జీపులు సరుగుడు తోటల పక్కన ఆగాయి. ముందు చప్పుడు వినబడింది. పెద్ద మూకుట్లో ఒక్కసారే వాయి గారెలు వేసినట్టు. ఆగుతుందేమోనని పాపాయమ్మ చూసింది. ఆగలేదు. ఇసక చెప్పుల్లోకి దూరుతుంటే వాటిని విడిచి చేత్తో పట్టుకుని, గట్టు ఎక్కి, నిలబడింది.

ముందు ఆమెకి ఏమీ అనిపించలేదు. చాలా పెద్దదని మాత్రం తెలిసింది. కుడివైపు గోదావరి తెచ్చిన ఎర్రనీళ్లు ఒక చారలా సముద్రంలోకి వెళ్లి, కొంతదూరం కలవకుండా, తర్వాత కలిసిపోతున్నాయి. దూరంగా నీలం. దగ్గరికి వచ్చేకొద్దీ అది లేచి, తెల్లగా నురగకట్టి, పొంగి, కిందపడి పరుచుకుంటోంది. అప్పుడామె కాళ్లు అప్రయత్నంగా ముందుకి కదిలాయి. జీవితమంతా పొంగు కనిపిస్తే పరిగెత్తిన మనిషి. ఎసరు పొంగినా పాలు పొంగినా మూత తీయాలి, మంట తగ్గించాలి, లేకపోతే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఇక్కడ ఇంత పొంగు పొంగుతోంది. మంట తగ్గించేవాళ్లెవరూ లేరు. ఎవరూ ఏమీ అనడం లేదు.

చీర మోకాళ్ల వరకూ తడిసేదాకా ఆమె అలాగే ఉంది.

పక్కకి సహస్ర వచ్చి నిలబడింది. మిగతావాళ్లు దూరంగా పరీక్షకి వరుస కడుతున్నారు. ఆ పిల్ల వెనక్కి చూసుకుని చాలా మెల్లగా అంది. "నాకు కూడా గిదే మొదటిసారి అమ్మా."

"మీ కాగితంలో బాగానే రాశారా దీని గురించి?"

"రాసిన్రు గని, గింత చప్పుడుంటదని రాయలె."

"భయమేస్తోందా?"

"ఊఁ. నీకు?"

"నాక్కూడా," అంది పాపాయమ్మ. "బాగుంది."

పరీక్షలో లైట్‌హౌసు అయింది, కలయిక అయింది. ఆరో ఆకర్షణ సహస్రకి వచ్చింది. బట్టీపట్టిన నాలుగు వాక్యాలు చెప్పాలి. ఆ పిల్ల సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు నీడలో విస్తరాకులు పరుస్తున్న మనిషికేసి చెయ్యి చాచి ఏదో చెప్పింది. గాలికి అది సగమే వినబడింది. వినబడినదాంట్లో పాపాయమ్మకి అర్థమైన మాట ఒక్కటే, తన పేరు. అచ్చు కాగితంలో ఎక్కడా లేని మాట అది. శశిభూషణ్ మార్కులు తగ్గించడానికి పెన్ను తీశాడు. అందరూ చప్పట్లు కొట్టడంతో పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

విస్తళ్లు ఎగిరిపోకుండా పాపాయమ్మ ఒక్కోదాని మీద గుప్పెడు పులిహోర ముందే పెట్టింది. పిల్లలు కూర్చున్నారు. అందరికీ వడ్డించి, పంక్తి చివర ఇంకో ఆకు వేసింది.

"శశిబాబూ, లేవండి. భోజనం."

జీపు ముందు సీటులో అతను కదల్లేదు. "నాకాకలి లేదు."

"పొద్దున్నించి ఏం తిన్నారని. లేవండి."

"వద్దన్నానా."

పాపాయమ్మ కాసేపు ఆ ఖాళీ ఆకుకేసి చూసింది. తర్వాత అందులో తనకి వడ్డించుకుంది. పులిహోర, పక్కన దద్దోజనం. కాళ్లు మడిచి, సముద్రానికి ఎదురుగా, పంక్తిలో కూర్చుంది. వంట మొదలుపెట్టినప్పట్నించి, ఇంకా తినాల్సినవాళ్లు ఒకళ్లుండగా ఆమె తినడం అదే మొదటిసారి. పక్కనున్న కుర్రాడు లేచి ఆమెకి నీళ్లు పోశాడు. ఆమె తీరిగ్గా తింది. ఉప్పు సరిపోయింది. ఇంగువ ఒక పిసరు ఎక్కువైందేమో అనుకుంది. అనుకుని, రెండోసారి వేసుకుంది.

మళ్లీ సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి ఎండ పల్చబడింది. గుండిగలు గట్టు దగ్గర ఇసకతో తోమి, కడిగి, మూతలు పెట్టి పిల్లల చేత పంటు మీదికి ఎక్కించింది. తన గరిటె మాత్రం తుడిచి గుడ్డసంచిలో పెట్టుకుంది. కొంగున ముడి విప్పి, గది తాళంచెవి సహస్ర చేతిలో పెట్టింది.

"ఇది రాజుగారికియ్యమ్మా. పెట్టొకటుంది గదిలో. నరసాపురం వచ్చినప్పుడు రేవులో ఇచ్చేస్తే నేను తెచ్చుకుంటానని చెప్పు."

సహస్ర తాళంచెవికేసీ ఆమెకేసీ చూసింది. నోరు తెరిచి, శశిభూషణ్ వినేంత దగ్గర్లో ఉండటంతో మూసేసింది. కళ్లతో అడిగింది.

"మలికిపురంలో శ్రావణానికి పెళ్లిళ్లున్నాయి. పొయ్యి దగ్గర మనిషి కావాలని ఎప్పట్నించో కబురు పెడుతున్నారు. ఇక్కణ్ణించి ఒక్క బస్సే. మళ్లీ బుద్ధి పుట్టినప్పుడు," అని వెనక్కి, సముద్రమున్న వైపుకి గడ్డం ఎత్తింది, "అదీ ఒక్క బస్సే."

శశిభూషణ్ దగ్గరికి వచ్చాడు. ఎండకి మొహం కందిపోయింది. అట్టముక్క అంచులు చెమటకి మెత్తబడ్డాయి. గొంతు తగ్గించి అన్నాడు. "సర్లే పాపాయమ్మా, ఏదో కోపంలో అన్నాను. బావకి చెప్పన్లే. ఎక్కు, ఆలస్యమవుతోంది."

"చెప్పండి బాబూ," అంది ఆమె. "చెప్పకపోతే ఎలా. దాటిందని చెప్పండి. చూసిందని కూడా చెప్పండి."

అతను ఇంకేదో అనబోయాడు. పంటువాడు తాడు విప్పేశాడు. శశిభూషణ్ ఒక్క గెంతులో ఎక్కి, లెక్కపెట్టుకోవడానికి పిల్లలవైపు తిరిగాడు. అందరూ ఉన్నారు. నావల కింద నీళ్లు కదిలాయి. పిల్లలు చేతులెత్తి, తెలుగు కాకుండా ఇంగ్లీషు కాకుండా, ఊపారు.

పాపాయమ్మ గుడ్డసంచి భుజాన వేసుకుని గట్టు మీద నిలబడింది. పంటు నది మధ్యకి వెళ్లేకొద్దీ మొహాలు కలిసిపోయాయి. ఎవరు సహస్రో ఎవరు శశిభూషణో తెలియకుండా పోయింది. పెద్ద గుండిగ మూత మీద, అరిటాకులో చుట్టి నారతో గట్టిగా తను కట్టిపెట్టిన శశిభూషణ్ వంతు పులిహోర పొట్లం మాత్రం, ఆ ఎర్రనీళ్ల మధ్య పచ్చగా, ఎవరూ ముట్టుకోకుండా, చాలాసేపు కనిపించింది.